చదువురానివారి గ్రంథాలయము

గ్రంథాలయమనగా గ్రంథములకు నిలయమని అర్థము చెప్పి ఊరకుండుట సులభము. చదువనేర్చినవాడు అచటికి పోవును, చదువనేరనివానికి అచట పనిలేదని లోకము తలచును. ఈ తలంపు నిజమైనచో ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమము పుట్టియే యుండరాదు. ఏలయన, 1911 నాటి జనగణనను బట్టి భారతదేశమున అక్షరములెరిగినవారు నూటికి ఆరుగురు మాత్రమే. స్త్రీలలోనైతే నూటికి ఒక్కరు. అట్టి దినములలో, పట్టణములందే గాక పల్లెపల్లెయందును గ్రంథాలయములు నెలకొల్పవలయునని కొందరు కృష్ణాతీరమునుండి బయలుదేరిరి. ఎవరికొరకు? తొంబదినలుగురిని విడిచి ఆరుగురికొరకా? ఈ ప్రశ్నకు మన పెద్దలు మాటలతో గాక పనులతో సమాధానము చెప్పిరి. ఆ సమాధానమును విచారించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము. దానిని మనము మరచితిమని మా యభిప్రాయము. మరచుటవలన కలిగిన నష్టమెట్టిదో తుదను విన్నవించెదము.

మనదేశమున గ్రంథమునకును జనులకును గల సంబంధము మొదటినుండియు చెవిద్వారా కలిగినది. దేవాలయ మండపమునందో, ఊరి రచ్చబండకడనో, పెద్దయింటి అరుగుమీదనో ఒకరు పురాణము చదువగా, మరియొకరు అర్థము చెప్పగా, ఊరివారందరు కూర్చుండి వినుట మన వాడుక. అక్షరమెరుగని రైతునకును అతని తల్లికిని భారత భాగవతముల కథలు కంఠస్థములై యుండుటకు ఇదియే కారణము. కావున చదువురానివాడు గ్రంథమునకు దూరుడనుట మనపట్ల పూర్తిగా సత్యము కాదు. అయినను ఈ పురాణశ్రవణమునందు రెండు లోపము లుండెను. వినిపింపదగినదేదో చెప్పువాడే నిర్ణయించును గాని వినువాడు కోరుటకు వీలులేదు. భూగోళమునకు, ఆరోగ్యమునకు, సేద్యమునకు, అన్యదేశ చరిత్రకు అందు చోటులేదు. ఇది మొదటిది. మండపమునకు మెట్లున్నవి, ఆ మెట్లెక్కుటకు అందరకు అనుమతి లేదు. ఇది రెండవది. గ్రంథాలయోద్యమము ఆ పాత శ్రవణసంప్రదాయమును తీసివేయలేదు. దానినే ఆధారముగా గొని ఈ రెండు లోపములను తీర్చబూనినది. ఎంతవరకు తీర్చినదో ముందు చూతము.

ఉచితముగా నిచ్చుట యను భావమును మనవారు ఎట్లు గ్రహించిరో తెలియుటకు బెజవాడ గ్రంథాలయము పేరొక్కటి చాలును. 1886లో విశాఖపట్టణమున మంతెన ఆదినారాయణమూర్తిగారను ఉపాధ్యాయులు సరస్వతీ నిలయమును స్థాపించిరి. 1901లో హైదరాబాదునందు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారి పూనికచే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. ఈ పేర్లలో ఒకటి విద్యాధిదేవతను, రెండవది భాషను, భాషాపోషకుడైన రాజును స్మరించును. 1911లో బెజవాడయందు ఏర్పడినదానికి మాత్రము రామమోహన ధర్మ పుస్తక భాండాగారమని పేరిడిరి. రాజా రామమోహన రాయ్ పేరు స్థాపకుల సంస్కారపక్షమును తెలుపుచున్నది. ధర్మశబ్దము అంతకంటె విలువగలది. ధర్మసత్రము, ధర్మాసుపత్రి అను మాటలలో ధర్మమనగా మతము కాదు. వెలయడుగక, ఊరుపేరు విచారింపక ఇచ్చునది యని యర్థము. బాటసారికి అన్నమెట్లో, రోగికి మందెట్లో, దారిని బోవువానికి పుస్తకము అట్లని ఆ పేరు చెప్పుచున్నది. చదువు కలవారి యలంకారము కాదు, అందరి యవసరమను సిద్ధాంతము ఆ యొక్క పదమున ఇమిడియున్నది.

ఈ యుద్యమమునకు బెజవాడయే యేల కేంద్రమయ్యెనని అడుగవచ్చును. 1855 నాటికి కృష్ణకు అడ్డముగా ఆనకట్ట పూర్తియైనది. దాని రెండు ప్రక్కలనుండి బయలుదేరిన కాలువలు బందరు, ఏలూరు దిక్కులకును, అవతలియొడ్డున తెనాలి, రేపల్లె, బాపట్ల సీమలకును నీరు కొనిపోయినవి. ఆ కాలువలు సేద్యమునకే గాక ప్రయాణమునకును పనికివచ్చినవి. ధాన్యమును, మనుష్యులును పడవలమీద ఊరినుండి ఊరికి పోవుచుండిరి. 1893లో కృష్ణపై రైలువంతెన సిద్ధమగుటతో మదరాసునుండి కలకత్తా దిక్కునకును, హైదరాబాదునకును పోవు దారులు ఇచట కలిసికొన్నవి. ఇట్లు నీటిదారియు ఇనుపదారియు కూడిన ఊరికి సభలకు వచ్చుట అందరకు సుకరము. వరిపంట వలన రైతుకుటుంబములకు కొంత తీరికయు, కొంత ధనమును, తమ బిడ్డలను చదివింపవలయునను కోరికయు కలిగినవి. నీరు చేరిన గ్రామములకు అక్షరము చేరుట కష్టముకాదని తలచుటకు ఇట్టి యాధారములుండెను.

1914వ సంవత్సరము ఏప్రిలు మాసము మన సారస్వతచరిత్రలో ప్రత్యేకముగా గుర్తింపదగినది. ఆ నెల 1వ తేదీని ఆంధ్రపత్రిక మదరాసున దినపత్రికగా మొదలయ్యెను. 10వ తేదీని బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రతినిధులు మొదటిసారి సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిరి. ఆ దినములలోనే న్యాపతి సుబ్బారావుపంతులుగారి యధ్యక్షతను ఆంధ్రమహాసభ రెండవ సమావేశము అదే పట్టణమున జరిగినది. గ్రంథాలయ ప్రతినిధుల సభను సమకూర్చుటకు ముఖ్యముగా పాటుపడిన అయ్యంకి వెంకటరమణయ్యగారికి అప్పటికి ఇరువదినాలుగేండ్లైన నిండలేదు. గ్రంథాలయములన్నియు కలిసి ఒక సంఘముగా నేర్పడుట భారతదేశమున ఇదియే మొదలని చెప్పుదురు. అది ప్రభుత్వ శాసనమువలన గాని, రాజు ఆజ్ఞవలన గాని ఏర్పడినది కాదు. ఆ వెనుక వెంకటరమణయ్యగారు గ్రంథాలయ సర్వస్వమను పత్రికను వెలువరించి, ఒక ఊరివారు చేయు పని మరియొక ఊరివారికి తెలియజేయుచు, పుస్తకముల యెన్నిక, అమరిక మొదలగు విషయములను తెలుగున బోధించిరి.

ఆ సభకు అధ్యక్షత వహించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. ఆయన ప్రసిద్ధ గ్రంథకర్తలగుటచేతనే ఎన్నుకొనబడిరని తోచవచ్చును. కాని ఆ యెన్నికయందు అంతకంటె లోతైన యౌచిత్యము మాకు కనబడుచున్నది. ఆయనకు చిన్నతనమునుండియు దృష్టి మందము; క్రమముగా అది పూర్తిగా నశించినది. తుదిదినములలో స్వీయచరిత్రమును చెప్పి వ్రాయించిరి. తెలుగువారిలో మిక్కిలి చదువబడిన గ్రంథకర్తలలో నొకరు ఒరుల కన్నులతో చదివి, ఒరుల చేతులతో వ్రాసినవారు! కన్నులు లేకున్నను గ్రంథము లోపల ప్రవేశింపగలదనుటకు ఆయన జీవితమే నిదర్శనము. మరియు ఆయన రాజమహేంద్రవరమున, ఆనాడు పంచములని పిలువబడినవారి బిడ్డలకొరకు పాఠశాల నడపినవారు. గ్రంథాలయము ఎవరిని విడువరాదో చెప్పుటకు అట్టివారికంటె తగినవారుండరు.

ఇక గ్రామములలో జరిగినదేమి? దినపత్రిక వచ్చినదన్న సాయంకాలము ఒకరు బిగ్గరగా చదువుట, పదిమంది వినుట గ్రంథాలయముయొక్క మొదటి పని. 1914 ఆగస్టున యూరపుఖండమున యుద్ధము మొదలగుటతో ఈ వినికిడికి గిరాకి హెచ్చినది. ఏ దేశము ఏ దేశముతో పోరుచున్నదో, ధాన్యము ధర యేల మారుచున్నదో తెలిసికొనవలయునను కోరిక అక్షరము వచ్చినవారికే పరిమితము కాదు గదా! చదువువాడు ఆగి దేశపటము చూపవలసివచ్చెను. పటము చూచినవారు ప్రశ్నలు వేసిరి. ప్రశ్నలకు సమాధానము పుస్తకమునందు వెదుకవలసివచ్చెను. పురాణశ్రవణమున చెప్పువాడు నిర్ణయించుచుండగా ఇచట వినువాని ప్రశ్నయే పుస్తకమును అలమారునుండి బయటికి తీసికొనివచ్చినది. ఇది చిన్న మార్పుగా కనబడును గాని జ్ఞానమార్గమున ఇంతకంటె పెద్ద మార్పు లేదు.

దీనికి తోడు రాత్రిపాఠశాలలు వచ్చినవి. పగలెల్ల పొలమున పనిచేసినవాడు దీపము వెలుతురున పలకపట్టి తన పేరు వ్రాయ నేర్చుకొనెను. మాజిక్ లాంతరుతో తెల్లనిగుడ్డపై చిత్రములు చూపి కలరా యెట్లు వ్యాపించునో, దోమవలన జ్వరమెట్లు వచ్చునో బోధించు పద్ధతియు ఆ కాలముననే వాడుకలోనికి వచ్చినది. హరికథలు, భజనలు, ఉపన్యాసములు, పిల్లలకు పద్యపఠనమున పోటీలు గ్రంథాలయముల వార్షికోత్సవములలో భాగములయ్యెను. గ్రంథాలయసేవకులు పుస్తకములు తలకెత్తుకొని, పాటలు పాడుచు ఊరినుండి ఊరికి నడచిన యాత్రలకు గ్రంథాలయయాత్రలని పేరు. తీర్థమునకు మనుష్యుడు పోవుట వాడుక. ఇచట తీర్థమే మనుష్యునియొద్దకు నడచివచ్చినది. పసివాడు, వృద్ధుడు, గృహిణి, కూలివాడు అను భేదములేక ఎవ్వరును రుసుము చెల్లింపక పాల్గొనదగిన కార్యక్రమములే ఆ గ్రంథాలయముల ప్రాణము. పుస్తకముల సంఖ్య కొలదియే. కొన్నియూళ్ల భాండాగారము ఒక్క కొయ్యపెట్టెయే. అయినను ఆ పెట్టెచుట్టు ఊరంతయు కూర్చుండెడిది.

ఉచితమైన పనికి సొమ్మెక్కడిది? వ్యయములేని పని లోకమున లేదు. ఒకరికి ఉచితమైనది మరియొకరు భరించినదే యగును. పెండ్లిండ్లలో వధూవరులతో పాటు గ్రంథాలయమునకును కట్నము చదివించుట, ఇంటింట పిడికెడు బియ్యము కూడబెట్టుట, కళ్లమునందు ధాన్యము కొలుచునపుడు కొంత పాలు తీసియుంచుట మున్నగు మార్గములచే గ్రామస్థులు తమ గ్రంథాలయములను పోషించుకొనిరి. దివ్వెకు నూనె ఒకరు, కూర్చుండుటకు చావడి మరియొకరు, సాయంకాలపు గంటసేపు తన కంఠము వేరొకరు ఇచ్చిరి. ఈ మూడవ దానము మిక్కిలి గొప్పది. డెల్టా పశ్చిమపు టంచున వేటపాలెమునందు 1918లో యువకులు స్థాపించిన గ్రంథాలయము సారస్వత నికేతనమై, 1929లో గాంధీమహాత్ముని చేత భవనమునకు శంకుస్థాపన పొందగలిగినది. నేతపని వారును, వర్తకులును, రైతులును గల చిన్న ఊరు అది. దాని వెనుక సంస్థానము లేదు, దొరతనము లేదు.

మన పద్ధతి విశేషము తెలియుటకు సమకాలమున జరిగిన వేరొక ప్రయత్నముతో పోల్చి చూడవలయును. బరోడా సంస్థానాధిపతియైన శాయాజీరావు గైక్వాడు 1910లో అమెరికానుండి బోర్డెను అను గ్రంథాలయశాస్త్రజ్ఞుని రప్పించి తన రాజ్యమంతట ఉచిత గ్రంథాలయములను నెలకొల్పజొచ్చెను. బాలురకు ప్రత్యేకభాగము, పల్లెలకు పోవు పుస్తకపుపెట్టెలు, చిత్రప్రదర్శనములు అచట రాజధనముతో నడచినవి. అది ప్రశంసింపదగిన కార్యమే. అయినను అచట నీరు పైనుండి క్రిందికి పారినది. ఇచట ఊట భూమినుండి పైకి వచ్చినది. ఈ రెండు మార్గములవారును 1919 నవంబరు 14వ తేదీని మదరాసున కలిసికొనిరి. వెంకటరమణయ్యగారి ప్రయత్నముచే అచట జరిగిన అఖిలభారత ప్రజాగ్రంథాలయ సభకు బరోడానుండి వచ్చిన కుడాల్కరుగారు అధ్యక్షులు. నేడు దేశమంతట గ్రంథాలయ వారోత్సవములు ప్రతియేట ఆ నవంబరు 14వ తేదీనుండియే జరుగుచున్నవి.

మనుష్యునియొద్దకే పుస్తకము పోవలయునను తత్త్వము డెల్టాయందు తనకు తగిన వాహనమును తానే కనుగొనినది. 1905లో అమెరికాయందు మేరీలాండు రాష్ట్రమున గుర్రపుబండిమీద పల్లెలకు పుస్తకములు పంపిరి. 1931లో తమిళదేశమున మన్నార్గుడి ప్రాంతమున ఎద్దుబండి గ్రంథాలయము బయలుదేరినది. పుస్తకములు దాచుటకు గాక వాడుటకని సూత్రీకరించిన రంగనాథన్‌గారి గ్రంథమును ఆ సంవత్సరముననే వెలువడినది. మనకు బండ్లబాటలు వానకాలమున బురదయగును. కాలువ మాత్రము ఊరూరి ప్రక్కగా సాగుచుండును. కావున 1935లో పాతూరి నాగభూషణంగారు పడవ గ్రంథాలయమును ప్రారంభించిరి. తెనాలి ప్రాంతమునందలి పెదపాలెము ఆయన స్వగ్రామము. పెదవడ్లపూడి మొదలుకొని కొల్లూరువరకు పశ్చిమడెల్టా కాలువవెంబడి ఆ పడవ గ్రామగ్రామమున ఆగుచు పుస్తకము లిచ్చుచు, పుచ్చుకొనుచు సాగినది.

ఆ కాలపు కాలువపడవలు ఎట్టివో నేటి బాలురకు తెలియదు. గాలి యనుకూలించినపుడు చాప యెత్తుదురు; లేనిచో మనుష్యులు గట్టుమీద నడచుచు త్రాటితో లాగుదురు. లాకులకడ నీటిమట్టము సరియగువరకు ఆగవలయును. ఇంత మెల్లగా పోవు వాహనము నేటివారికి నవ్వుపుట్టించును. కాని గ్రంథాలయమునకు ఆ మందగతియే మేలైనది. పడవ ఆగినచోట మాటలు సాగును. బట్టలుతుకువారు, నీరు తెచ్చు స్త్రీలు, పశువులను కడుగు బాలురు ఉండునది కాలువగట్టుననే. గ్రంథాలయభవనమునకు పోవుటకు వెరచువారు తమ రేవునకు వచ్చినదానిని చూచుటకు వెరవరు. ఆ పడవ కొన్నియేండ్లు మాత్రమే నడచినదన్నది దాని విలువను తగ్గింపదు.

ఇచట ఒక సత్యమును దాచుట చరిత్రకు ద్రోహము. ఉద్యమముయొక్క ద్వారములు సిద్ధాంతమున అందరకును తెరువబడినవే యైనను, ఊరిలో అన్నిచోట్ల అట్లు కాలేదు. గ్రంథాలయము గుడిమండపమున నున్నచో ఆ గుడిలోనికి రానీయబడనివారికి గ్రంథాలయమును లేనట్లే. మదరాసు రాష్ట్రమున దేవాలయప్రవేశమునకు సమగ్రమైన శాసనము 1947లో గాని రాలేదు; అంతవరకు ఎన్ని మండపముల క్రింద పత్రిక చదువబడుచుండగా ఎందరు వీధిలో నిలిచి వినిరో ఊహించుకొనవచ్చును. పెద్దయింటి అరుగైనను అంతే. స్త్రీల విషయమున అవరోధము వేరువిధమైనది: సాయంకాలపు చదువు పురుషుల తీరికవేళకు అనుకూలము, వంటవేళకు ప్రతికూలము. అందుచేతనే స్త్రీలు తమ సమావేశములను తామే ఏర్పరచుకొనవలసివచ్చెను. 1931లో బాపట్లయందు కనుపర్తి వరలక్ష్మమ్మగారు స్త్రీహితైషిణీ మండలిని స్థాపించుట అట్టి యవసరమునుండి పుట్టినదే. ధర్మశబ్దమును పేరున ధరించుట ఒకటి, దానిని ఊరి చివరి యింటివరకు కొనిపోవుట మరియొకటి. మొదటిది ఒక దినముననే యైనది. రెండవది నేటికిని పూర్తికాలేదు.

స్వాతంత్ర్యము వచ్చినపిదప పరిస్థితి మారెను. స్వతంత్రభారతమున తొలి గ్రంథాలయశాసనము 1948లో మదరాసు శాసనసభవలన వచ్చినది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత 1960లో రాష్ట్రమంతటికి ఒకే గ్రంథాలయశాసనము చేసిరి. ఇండ్లపన్నుతో పాటు గ్రంథాలయపన్ను విధించి, దానితో జిల్లాకొక గ్రంథాలయ సంస్థను పోషించుట దాని సారాంశము. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారివంటి పెద్దలు కోరినదియు ఇట్టిదే. 1908లోనే వ్రాతకొరకు చెరసాల కేగిన ఆ మహనీయుడు చిరకాలము గ్రంథాలయసంఘమునకు అధ్యక్షులై, వయోజనవిద్యయు గ్రంథాలయమును ఒకే పనియని నమ్మినవారు. పిడికెడు బియ్యము కరువుకాలమున దొరకదు. ఉత్సాహవంతుడు ఊరువిడిచిపోయిన గ్రంథాలయము మూతపడును. ఇట్టి యస్థిరత్వమునుండి పన్ను కాపాడినది. శాఖలు పెరిగినవి, ఉద్యోగులకు జీతములు కలిగినవి, పుస్తకములు వేలకొలది చేరినవి. ఈ మేలును కాదనువారు చరిత్రజ్ఞులు కారు.

అయినను శాసనము దేనిని లెక్కింపగలదో దానినే కాపాడగలదు. పుస్తకమును లెక్కింపవచ్చును, కుర్చీని లెక్కింపవచ్చును, ఉద్యోగిని లెక్కింపవచ్చును. సాయంకాలమున బిగ్గరగా చదువు కంఠము ఏ పద్దుక్రింద వ్రాయవలయును? ఊరూర నడచు యాత్ర ఎవరి విధి? పూర్వము అందరి పనియై యున్నది ఇపుడు గ్రంథాలయాధికారి పనియని ఊరివారు తలచిరి. ఒంటరియైన ఆ యుద్యోగి తలుపు తీయుటకును, పుస్తకము లిచ్చుటకును, లెక్కలు వ్రాయుటకునే చాలక చాలక యున్నాడు. వసూలైన పన్నైనను స్థానికసంస్థలనుండి సకాలమున చేరదను మొర ఎన్నోయేండ్లుగా వినవచ్చుచున్నది. వారోత్సవములందు వ్యాసరచన, వక్తృత్వపు పోటీలు జరుగుట, వేసవిసెలవులలో పిల్లలకు శిబిరములు నడచుట నిజమే, సంతోషమే. కాని సంవత్సరమున ఒక వారము చేయు పండుగకును, ప్రతిసాయంకాలము చేయు వ్రతమునకును భేదము లేదా? పన్ను వచ్చినది; పాలుపంచుకొనుట పోయినది. మేము నష్టమన్నది ఇదియే.

నేడు చదువువచ్చినవారు హెచ్చిరి గదా, చేతిలో సెల్‌ఫోనున్న ప్రతివాడును లోకవార్తలు క్షణమున తెలిసికొనుచుండ, బిగ్గరగా చదివి వినిపించు గ్రంథాలయమెందులకని కొందరందురు. ఈ యాక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. పాత కార్యక్రమములలో కొన్నిటికి నిజముగా కాలము చెల్లినది. మాజిక్ లాంతరును మరల వెలిగింపుమని మేము కోరము. అయినను రెండు విషయములు యోచింపవలయును. 2011 నాటి జనగణనలో ఆంధ్రప్రదేశ్‌నందు ఏడేండ్లుదాటినవారిలో అక్షరాస్యులు నూటికి సుమారు 67 గురు. మిగిలిన మూడవవంతువారికొరకు నేటి గ్రంథాలయమున ఏమున్నది? కుర్చీ యున్నది, వినిపించువారు లేరు. 1911లో చదువురానివారు తొంబదినలుగురుండగా వారికొరకు ఆలోచించినవారము, ఇపుడు ముప్పదిముగ్గురే కదాయని వారిని మరచితిమి. సంఖ్య తగ్గినకొలది విడువబడినవారి యొంటరితనము హెచ్చునే గాని తగ్గదు.

రెండవది అక్షరాస్యులను గూర్చినది. ఉపాధ్యాయవృత్తిలో నున్న మేము దినదినము చూచుచున్న విషయము: పరీక్షకొరకు పేజీలకొలది చదివిన బాలుడు ఒక పుటను పదిమంది యెదుట అర్థవంతముగా చదువుమనిన తడబడును. చదువు కన్నులకును కాగితమునకును జరుగు రహస్యవ్యవహారమైపోయినది. పట్టణములందలి గ్రంథాలయములు ఉద్యోగపరీక్షలకు సిద్ధమగు యువకులతో నిండియుండుట మేలే. పేదయింటివానికి అంతకంటె నిశ్శబ్దమైన చోటు దొరకదు. కాని అచట ఒకనితో నొకడు మాటాడడు, మాటాడరాదు. వృద్ధుడు పత్రిక చూచి పోవును. పసివాడు రాడు. గృహిణి ద్వారము దాటదు. వార్తలు వేగముగా వచ్చుచున్నవి గాని వానిని కలిసి విని, కలిసి సందేహించి, కలిసి విచారించు చోటు లేదు. ఫోనునందు వచ్చిన యబద్ధమును ఒంటరిగా చదివినవాడు నమ్మును. పదిమందిలో బిగ్గరగా చదివినచో ఎవడో ఒకడు ఇది నిజమా యని అడుగును. ఆ ప్రశ్నకొరకే గ్రంథాలయము.

కావున చేయవలసినదేమి? క్రొత్త భవనములు గాని క్రొత్త శాసనములు గాని మేము కోరుటలేదు. ప్రతి శాఖాగ్రంథాలయమునందు వారమున కొక్క సాయంకాలము చదివి వినిపించుటకు కేటాయింపబడుగాక. ఒక వారము పిల్లలకు కథ, ఒక వారము వృద్ధులకు వారు కోరిన గ్రంథము, ఒక వారము రైతులకును కూలివారికిని పనికివచ్చు విషయము, ఒక వారము స్త్రీలు తాము నిర్ణయించుకొన్న వేళను తాము ఎన్నుకొన్న పుస్తకము. చదువుటకు ఉద్యోగవిరమణ పొందిన ఉపాధ్యాయులు ప్రతియూరను కలరు. పై తరగతుల విద్యార్థులు కలరు. గ్రంథాలయమునకు రానివారి వాడకు నెలకొకసారి గ్రంథాలయమే పోవుగాక. పడవ లేకున్నను కాళ్లున్నవి గదా! దీనికి కావలసిన ద్రవ్యము స్వల్పము; కావలసినది మన సాయంకాలములలో నొక గంట. శాసనము పుస్తకములు కొనగలదు గాని కంఠమును కొనలేదు.

రామమోహన ధర్మ పుస్తక భాండాగారము ఏర్పడి నూరేండ్లు దాటినది. బెజవాడ విజయవాడయై మహానగరమైనది. పడవలు పోయిన కాలువలమీదుగా ఇపుడు వంతెనలున్నవి. వానిపై బండ్లు నిలుచుట కెడములేక పరుగిడుచున్నవి. కాని ధర్మశబ్దమున కర్థము మారలేదు. వెలయడుగక ఇచ్చునదే ధర్మము. ఇచ్చుటకు ఒకరుండవలయును, పుచ్చుకొనుటకు అందరును అర్హులై యుండవలయును. గ్రంథాలయము ఎవరికొరకను ప్రశ్నకు ఆనాటివారు చదువురానివారిని ముందువరుసయందు కూర్చుండబెట్టి సమాధానము చెప్పిరి. ఆ వరుస ఇపుడు ఖాళీగా నున్నది. దానిని నింపుట ఎవరి పనియని వెదుకుచు కాలము గడపక, ఈ వ్యాసము చదువగలిగినవారు ఒక్కొక్కరు, చదువలేనివా రొక్కరికి దీనినే బిగ్గరగా చదివి వినిపించి, వారేమి యడుగుదురో వినవలయునని ప్రార్థించుచున్నాము.